రేపు తెలియని మనుషులు: మన చారిత్రక నవలలు, స్వీయచరిత్రలు

మనల్ని మరో కాలంలోకి తీసుకువెళ్లే తెలుగు పుస్తకాలు ఏవి, వాటిని ఏ వరసలో చదివితే ఫలం ఎక్కువ అన్నది ఈనాటి విషయం. పేర్ల పట్టిక చదవడానికి ఉపన్యాసం అక్కర్లేదు. ఆలోచించవలసిన సంగతి వేరే ఉంది. కొన్ని పుస్తకాలు తెరవగానే ఆ రోజుల్లో మసలుతున్నట్టే ఉంటుంది. మరికొన్నింటిలో కోటలు, కత్తులు, కిరీటాలు పేజీలకొద్దీ వర్ణించినా రంగస్థలం మీద వేషాలు చూసినట్టే ఉంటుంది. ఈ తేడా ఎక్కడ పుడుతోంది? గడిచిపోయిన మనుషులకూ మనకూ మధ్య దూరాన్ని కట్టులోనూ మాటతీరులోనూ వెతుకుతాం. కానీ అంతకంటే పెద్ద దూరం ఒకటుంది. వాళ్ల కథ ఎలా ముగిసిందో మనకు తెలుసు, వాళ్లకు తెలియదు. వాళ్లు ప్రతి నిర్ణయమూ రేపేమవుతుందో తెలియకుండానే తీసుకున్నారు. ఆ తెలియనితనాన్ని మనచేత అనుభవింపజేసిన పుస్తకమే మనల్ని వాళ్ల కాలానికి చేరుస్తుందని నా నమ్మకం. ఆ అనుభవం యాత్రాచరిత్రల్లో, స్వీయచరిత్రల్లో చిక్కగా దొరుకుతుంది. అందుకే ముందు వాటిని చదివి తరువాత నవలల దగ్గరికి రావాలని నా వాదన.

ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్రతో మొదలుపెడతాను. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటరుగా పనిచేసిన ఆయన 1830 మే 18న పరివారంతో బయలుదేరారు. కడప, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ చేరి, గయ, కలకత్తా, పూరీ చూసుకుని, కోస్తా బాట వెంట 1831 సెప్టెంబరు 3న మద్రాసుకు తిరిగి వచ్చారు. ఆ తిరుగు ప్రయాణంలో చివరి భాగమంతా మన నెల్లూరు సీమ మీదుగానే. దారిలో చూసిన సంగతులు ఎప్పటికప్పుడు మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లకు రాసి పంపారు. వీరాస్వామయ్య కాలం చేశాక, 1838లో అది అచ్చయింది. దిగవల్లి వేంకట శివరావుగారు 1941లో దాన్ని మళ్లీ వెలుగులోకి తెచ్చారు. ఆ పుస్తకంలో మహావీరులు లేరు. మజిలీకీ మజిలీకీ దూరమెంత, ఏ ఊళ్లో ఏ సరుకు దొరుకుతుంది, ఏ నాణెం ఎక్కడ చెల్లుతుంది, ఏ ఏరు ఎలా దాటాలి, ఎక్కడ దొంగల భయం ఉంది, ఇవీ అందులోని ముచ్చట్లు. వీరాస్వామయ్య కోస్తా దాటి వెళ్లిన రెండేళ్లలోపే గుంటూరు సీమను, చుట్టుపక్కల జిల్లాలను నందన కరువు తుడిచిపెట్టింది. జనం దాన్ని డొక్కల కరువన్నారు. ఒక్క గుంటూరు జిల్లాలోనే సుమారు ఐదు లక్షల మందిలో రెండు లక్షల మంది పోయారని లెక్కగట్టారు. ఆ ఊళ్ల గుండా పోతూ బియ్యం దొరుకుతాయా, నీళ్లు బాగుంటాయా అని రాసుకున్న మనిషికి ఆ ఊసే తెలియదు. తెలిసిన మనకు మాత్రం ఆ మామూలు వాక్యాలు చదువుతుంటే గుండె బరువెక్కుతుంది. కరువు గురించి ఎంత గొప్ప చరిత్రకారుడు ఎంత రాసినా ఈ అనుభవం ఇవ్వలేడు. కరువుకు ముందు ఊళ్లు ఎంత ధీమాగా ఉన్నాయో చూపించగలిగింది ఆ రోజున అక్కడ దిగిన బాటసారి ఒక్కడే.

1873లో మద్రాసులో మన ప్రాంతానికి సంబంధించిన ఒక చిన్న ఇంగ్లీషు పుస్తకం వెలువడింది. ఒంగోలు ప్రాంతానికి చెందిన వెన్నెలకంటి సుబ్బారావు తన జీవితాన్ని తానే రాసుకోగా, ఆయన కొడుకు దాన్ని అచ్చువేయించారు. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలోదే. సుబ్బారావు 1784లో పుట్టి 1839లో పోయారు. చిన్నతనంలోనే తండ్రి పోతే బంధువుల పంచన పెరిగి, కుంపిణీ కచేరీల్లో చిన్న ఉద్యోగాలు చేసి, చివరికి మద్రాసు సదరు కోర్టు అనువాదకుడయ్యారు. తెలుగువాడు రాసుకున్న తొలి స్వీయచరిత్రగా దాన్ని చెప్పుకుంటాం. అదే 1873లో బాస్వెల్ దొర రాసిన నెల్లూరు జిల్లా మాన్యువల్ కూడా వెలువడింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. మాన్యువల్‌లో తాలూకాలు, శిస్తులు, చెరువులు, కులాలు ఒక వరసలో ఉంటాయి, కుంపిణీ రాజ్యం స్థిరపడిపోయిన సంగతిగా ఉంటుంది. సుబ్బారావు జీవితంలో ఆ రాజ్యం ఇంకా కుదురుకుంటోంది. ఎవరి కొలువు నిలుస్తుంది, ఏ భాష నేర్చుకుంటే అన్నం పుడుతుంది అన్నది ఒక కుర్రవాడి ఎదుట ఉన్న ప్రశ్న. జిల్లా గురించి సమాచారం కావాలంటే బాస్వెల్ చాలు. జిల్లాలో బతకడం ఎలా ఉండేదో కావాలంటే సుబ్బారావు దగ్గరికి పోవాలి.

మన జిల్లాకు మరింత దగ్గరి పుస్తకం పొణకా కనకమ్మగారి కనకపుష్యరాగం. ఆమె 1892లో మినగల్లులో పుట్టి, పొట్లపూడి పొణకావారింటికి చిన్ననాడే కోడలిగా వచ్చారు. బడికి పోయి చదువుకోలేదు. ఆ మనిషే పల్లిపాడులో పినాకినీ సత్యాగ్రహాశ్రమానికి అండగా నిలిచి, 1923లో నెల్లూరులో ఆడపిల్లల కోసం కస్తూరిదేవీ విద్యాలయం స్థాపించి, ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో జైలుకు వెళ్లారు. పల్లిపాడు ఆశ్రమాన్ని 1921 ఏప్రిల్ 7న గాంధీగారే ప్రారంభించారు. కనకమ్మగారు 1963లో కన్నుమూశారు. ఆమె రాసుకున్న జీవితకథ పుస్తకంగా రావడానికి 2011 దాకా పట్టింది. దాదాపు అర్ధశతాబ్దం ఒక జిల్లా తన ఆత్మకథను చదవకుండా గడిపిందంటే బాధ కలుగుతుంది. ఆ పుస్తకంతో పాటే అలగానిపాడులో 1913లో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్యగారి విప్లవపథంలో నా పయనం చదవాలి. ఇద్దరూ భూమి ఉన్న రెడ్డి కుటుంబాల వారే, ఇద్దరినీ జాతీయోద్యమమే కదిలించింది. ఒకరు గాంధీ దారిన నిలిచారు, మరొకరు ఆ దారి విడిచి సొంత ఊళ్లో వ్యవసాయ కూలీలను సంఘంగా కూర్చే పనికి దిగారు. రెండు పుస్తకాలూ పక్కన పెట్టుకున్నవారికి 1930ల నెల్లూరులో ఏ దారి ఎటు పోతుందో ఎవరికీ తెలియదన్న సంగతి అర్థమవుతుంది. ఫలితాలు తెలిసిన మనం ఆ దారులకు పేర్లు పెట్టుకున్నాం. వాళ్లు ఆ పేర్లు లేకుండా నడిచారు.

నా వాదనకు వెంటనే ఒక ఆక్షేపణ వస్తుంది. స్వీయచరిత్ర రాసేవాడు తనను సమర్థించుకుంటాడు, మరిచిపోతాడు, కొన్ని కావాలనే దాస్తాడు, దాన్ని ఎలా నమ్మడం? అది నిజమే. కందుకూరి వీరేశలింగం పంతులుగారి స్వీయచరిత్రలో ప్రత్యర్థుల గురించి చదివేటప్పుడు అది ఒక పక్షం మాటేనని గుర్తుంచుకోవాలి. టంగుటూరి ప్రకాశం పంతులుగారి నా జీవితయాత్రకూ అదే వర్తిస్తుంది. అయితే తేదీల విషయంలో తప్పే మనిషి కూడా తాను దేనికి భయపడ్డాడో, ఏది పరువుగా ఎంచాడో చెప్పకుండా ఉండలేడు. తనను తాను సమర్థించుకునే వాక్యంలోనే ఆ కాలం ఏది తప్పనుకునేదో బయటపడుతుంది. పైగా ఒక జ్ఞాపకాన్ని మరో జ్ఞాపకంతో ఒరిపిడి పెట్టవచ్చు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు చెప్పగా 1986లో వచ్చిన మనకు తెలియని మన చరిత్ర, 2012లో వచ్చిన కొండపల్లి కోటేశ్వరమ్మగారి నిర్జన వారధి చదివాక, అదే ఉద్యమం గురించి నాయకులు రాసిన పుస్తకాలు ముందు చదివినట్టు చదవలేము. రహస్య జీవితంలో తల్లులు బిడ్డలకు దూరమై పడ్డ వేదన నాయకుల నివేదికల్లో ఒక పంక్తికి కూడా నోచుకోలేదు.

ఇక నవలలు. చారిత్రక నవలాకారుడి కష్టం పెద్దది. అతనికి ముగింపు తెలుసు. తెలిసీ తెలియనట్టు ఉండగలగాలి. 1906లో పుట్టిన విజ్ఞాన చంద్రికా మండలి పోటీలు పెట్టి మరీ చారిత్రక నవలలు రాయించింది. పరాయి పాలనలో తలవంచుకున్న జాతికి పూర్వవైభవం గుర్తు చేయడం ఆనాటి అవసరం. ఆ సేవను తక్కువ చేయను. కానీ ఆ బాణీలో వచ్చిన చాలా నవలల్లో విజయనగరం ప్రజలు తాము స్వర్ణయుగంలో ఉన్నామని ముందే తెలిసినట్టు మాట్లాడతారు. అక్కడే కాలం చేజారిపోతుంది. నోరి నరసింహశాస్త్రిగారి పద్ధతి వేరు. నన్నయ కాలానికి నారాయణభట్టు, తిక్కన కాలానికి రుద్రమదేవి, ఎఱ్ఱన కాలానికి మల్లారెడ్డి రాసి, కవుల చుట్టూ ఉన్న రాజకీయాన్ని, మత కలహాలను, పండితుల మనసులోని సందేహాలను పట్టుకున్నారు. మన నెల్లూరు రాజు మనుమసిద్ధి మంత్రి తిక్కన ఎలాంటి లోకంలో భారతం చేపట్టాడో తెలియాలంటే నెల్లూరువాళ్లు రుద్రమదేవి తప్పక చదవాలి. విశ్వనాథవారి ఏకవీరలో మధుర నాయకుల చరిత్ర వెనక్కి తగ్గి, పెద్దలు కుదిర్చిన పెళ్లిళ్లలో చిక్కిన నలుగురి మనసులు ముందుకు వస్తాయి. వాళ్లకు తమ రేపు తెలియదు, మనకూ తెలియదు. అందుకే ఆ నవల పాతబడలేదు. తెన్నేటి సూరి ఛెంఘిజ్ ఖాన్ తెలుగు నేలకు ఎంతో దూరంగా మంగోలు పచ్చికబయళ్లలో జరుగుతుంది. ప్రపంచాన్ని గెలవబోయే మనిషిని ఆ సంగతి తెలియని తెగల మధ్య ఆకలితో, పగతో పెరగనిస్తుంది. నెపోలియన్ దండయాత్ర తరువాత పుట్టిన టాల్‌స్టాయ్, దాన్ని చూసినవాళ్ల జ్ఞాపకాలు చదివి యుద్ధము శాంతి రాశాడు. జ్ఞాపకాలను ముందు చదవమని నేను పాఠకుడికి చెబుతున్నది గొప్ప నవలాకారులు తమకు తాము పెట్టుకున్న నియమమే.

నవలలు తప్పుడు చరిత్ర నేర్పుతాయన్న ఆక్షేపణ కూడా ఉంది. దాన్ని కాకతీయ రాణి రుద్రమదేవి విషయంలోనే పరీక్షించవచ్చు. నోరివారు, గోన గన్నారెడ్డి రాసిన అడివి బాపిరాజుగారు కలం పట్టిన రోజుల్లో ఆమె 1295 దాకా పాలించిందనే చరిత్రకారులు అనుకునేవారు. తరువాత నల్గొండ జిల్లా చందుపట్లలో దొరికిన 1289 నాటి శాసనం ఆమె అప్పటికే మరణించిందని తేల్చింది. దాంతో ఆ నవలలు పనికిరాకుండా పోయాయా? తేదీలు నేర్చుకోవడానికి నవల చదివినవాడికి పోయాయి. ఒక ఆడది సింహాసనం మీద కూర్చుంటే సామంతులు ఎలా గొణిగి ఉంటారు, ఆమె ఎవరిని నమ్మి ఉంటుంది అని ఆలోచించడానికి చదివినవాడికి ఆ శాసనం ఇంకో ప్రశ్నను అందించింది. కొత్త ఆధారం వచ్చినప్పుడు దాన్ని పీఠికలో చేర్చి నవలను పునర్ముద్రించడం ప్రచురణకర్తల బాధ్యత. అది చాలాసార్లు జరగడం లేదు.

నా వాదనకు అన్నిటికంటే బరువైన ఆక్షేపణ మరొకటి ఉంది. రాసుకోగలిగినవాళ్లే జ్ఞాపకాలు మిగిల్చారు. ముందు స్వీయచరిత్రలు చదవమంటే చదువుకున్న కొద్ది కులాల కళ్లతోనే గతాన్ని చూడమన్నట్టు అవుతుంది కదా? దీన్ని తోసిపుచ్చలేను. జాషువా పద్యాల్లో చెప్పిన నా కథ, వై.బి. సత్యనారాయణగారి మా నాయన బాలయ్య ఈ లోటును కొంత తీర్చాయి. అయినా లోటు పెద్దది. మన ప్రాంతంలోనే చూడండి. మనుమసిద్ధి బీళ్లలో మేతపన్ను అయిన పుల్లరి మీద తగువు వచ్చి, పాలేరు ఒడ్డున పంచలింగాల దగ్గర యాదవులతో జరిగిన యుద్ధంలో నెల్లూరు సేనాని ఖడ్గతిక్కన కూలిన కథ మనందరికీ తెలుసు. నెల్లూరు పక్షాన చాటువులు మిగిలాయి. కరువులో పసులు తోలుకుని వచ్చినవాళ్ల పక్షం కాటమరాజు కథగా, ఆ కథ పాడే కొమ్మువాళ్ల గొంతులో నిలిచింది. తంగిరాల వెంకట సుబ్బారావుగారు ఆ కథలను సేకరించి పరిశోధించారు. పాట కూడా జ్ఞాపకమే, దాన్నీ చదవాలి. పాట కూడా లేని చోట నవలాకారుడి పని మొదలవుతుంది. నిజాం రాజ్యంలో దొరల గడీల్లో వెట్టి చేసినవాళ్లు డైరీలు రాయలేదు. దాశరథి రంగాచార్యులు చిల్లర దేవుళ్లులో వాళ్ల భాషలోనే వాళ్లను మాట్లాడించారు. ఆయనే తరువాత జీవనయానం అన్న స్వీయచరిత్ర రాశారు. రెండూ చదివినవాడికి తాను చూసినదాన్ని రచయిత ఎక్కడ నవలగా మలిచాడో తెలుస్తుంది. బండి నారాయణస్వామి శప్తభూమి అనంతపురం హండే పాలకుల నాటి సీమను కింది కులాల వైపు నుంచి చెప్పింది. అందువల్ల నా వరసకు ఒక సవరణ చేర్చుకుంటాను. జ్ఞాపకం ఉన్న చోట జ్ఞాపకమే ముందు. లేని చోట ఆ మౌనాన్ని గుర్తించిన నవల ముందు.

మన మనుబోలు మండలం చుట్టుపక్కల అలాంటి మౌనాలు ఇంకా చాలా ఉన్నాయి. యానాదుల జీవితం గురించి బయటివాళ్లు రాసిన పుస్తకాలే ఎక్కువ. గూడూరు, సైదాపురం అభ్రకం గనుల్లో దిగినవాళ్ల మాట, వెంకటగిరి మగ్గాల ముందు కూర్చున్న స్త్రీల మాట పుస్తకంగా చదవాలని నాకు ఎంతో ఆశ. దూబగుంటలో మొదలై 1992లో జిల్లా అంతా పాకిన సారా వ్యతిరేక పోరాటంలో రాత్రి బడుల్లో అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్లు ఉన్నారు. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వస్తుందని దుకాణం ముందు అడ్డంగా కూర్చున్న రోజున వాళ్లకు తెలియదు. వాళ్లలో చాలామంది ఇప్పుడు ముసలితనంలో ఉన్నారు. మనకు తెలియని మన చరిత్రను కూర్చినవాళ్లు అనుసరించిన పద్ధతి కష్టమైనది కాదు. అడగడం, ఓపిగ్గా వినడం, చెప్పినవాళ్ల మాటల్లోనే రాయడం. ఇక్కడి ఉన్నత పాఠశాల విద్యార్థులు ఒక్కొక్కరు ఒక్కొక్క అవ్వ దగ్గర కూర్చుని, ఆ రోజు పొద్దున ఇంట్లో ఏం వండారు, బయలుదేరేటప్పుడు ఎవరికి భయపడ్డారు, మర్నాడు ఏం జరుగుతుందనుకున్నారు అని అడిగి రాసుకుని వస్తే, ఆ నోటుపుస్తకాలు మనుబోలు గ్రంథాలయంలో కనకపుష్యరాగం పక్కనే ఉంచవలసినవి.