తెడ్డు పట్టినవాడు, మర పట్టినవాడు



మా వేటపాలెము మగ్గముల యూరు. అయినను తూర్పునకు పోయినచో రామాపురపు తీరము. అచ్చటి బ్రదుకు వేరు. తెల్లవారకముందే మర బిగించిన ఫైబరు పడవలు నీట దిగును. వాని నడుమ అక్కడక్కడ తెడ్డుతో సాగు తెప్ప యొకటి కనబడును. తెప్పలు మునుపటివలె లేవు. మిగిలినవానిపై పోవువారు చాలవరకు మర కొన శక్తి లేనివారు. ఈ యిరువురును ఒకే నీటిపై క్షేమముగా మెలగుటను గూర్చి నేడు కొంచెము మనవి చేసెదను. బడిపంతులునకు సముద్రముతో నేమి పని యందురేమో!

కొన్ని యేండ్ల క్రిందట, నావద్ద నాలుగక్షరములు నేర్చిన యొకని తెప్పకు చీకటివేళ మరపడవ తగిలెను. తెప్ప తిరుగబడెను. తేలుచున్న దుంగలను కౌగిలించుకొని యుండుటచే నతడు బ్రదికెను. చేయి మాత్రము విరిగెను. పరామర్శకు పోతిని. "వాడు కావాలని చెయ్యలా పంతులుగారూ, నేను వాడికి కనపడలా" అనెను. కోపము లేక పలికిన యా మాట నన్ను చాలదినములు వదలలేదు.

కనబడకపోవుటకు కారణములున్నవి. తెప్ప నీటిమట్టమునకు జానెడైనను లేవదు. కెరటము అడ్డమైనప్పుడు మనిషి తలయు మరుగగును. మర నడపువాడు పడవ వెనుకభాగమున నుండును. వేగము హెచ్చినకొలది ముక్కు పైకి లేచి యెదుటి నీటిని కప్పివేయును. మర ఘోషలో కేక వినబడదు. ప్రొద్దు పొడుచువేళ తూర్పునకు పోవువాని కన్నులకు నీరంతయు తళతళయే.

నావలు ఢీకొనకుండుటకై 1972లో అంతర్జాతీయ నిబంధన లేర్పడినవి. వాని ప్రకారము మరపడవ తెరచాప పడవకును, వల వేసి వేటలో నున్న పడవకును దారి యొసగవలయును. వెనుకనుండి దాటిపోవువా డెవడైనను ముందువానికి తొలగవలయును. ఇరుకు నీటిలో కుడిప్రక్క పట్టి పోవలయును. ఇంతవరకు బాగు. కాని వల వేయక, చాప యెత్తక, ఉత్త తెడ్డుతో నింటికి వచ్చువానికి దారిహక్కు పేరు పెట్టి చెప్పబడలేదు. అతనికి ప్రత్యేకముగ చెప్పినది దీపముమాట. రాత్రివేళ దీపములు పెట్టుకొనవచ్చును. లేనిచో బ్యాటరీదీపమో లాంతరో చేతికందునట్లుంచుకొని, ప్రమాదము తప్పునంత ముందుగా చూపవలయును. మొదట నాకిది యన్యాయమని తోచెను. తరువాత నా శిష్యుని మాట జ్ఞప్తికి వచ్చెను.

మన రాష్ట్రమున 1994 నాటి చట్టము క్రింద తీరమునుండి 8 కిలోమీటర్ల మేర సంప్రదాయపు పడవలకు విడువబడినది. పెద్ద మరబోట్లు దాని కావల వేటాడవలయును. మంచిదే. అయితే తెప్పవాని కెదురగునది పెద్ద బోటు కాదు, పొరుగింటివాని ఫైబరు పడవ. అది గీతకు లోపలనే తిరుగును. ఇది పాలెపు పెద్దలు కూర్చుండి చక్కబరుపవలసిన పని. తెప్ప కనబడినంతనే మర తగ్గింపవలెను, దూరముగా చుట్టి పోవలెను అని వారు కట్టడి చేసిన చాలును.

ఇంకొక మాట. ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, 61 దినములు, తూర్పుతీరమున మరపడవలకు వేటనిషేధము, మరలేనివానికి మినహాయింపు. ఆ రెండు నెలలలో తెప్పవాని చెవి నిశ్శబ్దమునకు మరగును. జూన్ 15 తెల్లవారుజామున నతడు మిక్కిలి మెలకువతో నుండవలయును.

పడవ తగులకున్నను దాని వెనుక లేచు అలలు తెప్పను త్రోయగలవు. అలకు ప్రక్క చూపరాదు. ముక్కు దానివైపు త్రిప్పి, కొంచెము ఏటవాలుగా ఎక్కించి, నిలువక క్రిందుగా కూర్చుండి తెడ్డు వేయుచుండవలెను. తిరుగబడినచో ఒడ్డునకు ఈదబోవక దుంగలనే పట్టుకొనవలెను. తేలు చొక్కా ఉన్న మరియు మేలు.

మొన్న నా శిష్యుడు తీరమున కనబడెను. చేయి కూడినది, కొంచెము వంకర. బ్యాటరీదీపమును ప్లాస్టిక్ సంచిలో చుట్టి, తడియకుండ త్రాటితో మెడకు కట్టుకొనియున్నాడు. ఒకసారి వెలిగించి నాకు చూపెను. పట్టపగలు.