ముందు చక్రాల చప్పుడు: చేతికి తగిలాకే బిల్లు



ఈ ఏడాది లెక్కల్లో వాహనం ఖాతా చూసి మీలో కొందరు ఒక మాట అడిగారు. "పాత పికప్పుకు ఎంత పెట్టినా ముందు చక్రాల దగ్గర చప్పుడు పోలేదంట కదా, అమ్మేసి కొత్తది కొనరాదా?" అని. అది న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు చెప్పే పని మాకు అప్పగించారు. మేము బడిపంతులమే గానీ మెకానిక్కులం కాము. అయితే ఎనిమిదో తరగతి పిల్లలకు ఘర్షణ పాఠం చెప్పేవాళ్లకు ఈ వెతుకులాట మరీ పరాయి విద్య కాదు. మంచి మేస్త్రీల పక్కన నిలబడి చూసి నేర్చుకున్నది కూడా కొంత ఉంది. అదే ఇప్పుడు మీ ముందు పెడుతున్నాము.

ఆ బండి చేసే పని మీకు తెలుసు. రంజాన్‌లో రేషన్ సరుకులు, ఎండాకాలంలో నీళ్ల డ్రమ్ములు, బడులు తెరిచే వేళకు పుస్తకాలు, పెళ్లిళ్లకు వంటపాత్రలు, అన్నీ దాని మీదే పోతాయి. మన తుమ్మలపల్లె చుట్టుపక్కల దారులు ఎట్లుంటాయో చెప్పనక్కర లేదు. గని వైపు తిరిగే పెద్ద బండ్లు, పులివెందుల వైపు అరటి, చీనీ లోడ్లు, వేసవిలో 40 డిగ్రీలు దాటే ఎండ, ఏడాది పొడుగునా దుమ్ము. ఎండకు రబ్బరు బుష్‌లు బిరుసెక్కి పగులుతాయి. జాయింటు మీది రబ్బరు తొడుగు చిరిగితే దుమ్ము లోపలికి పోయి గ్రీజులో కలుస్తుంది. అప్పుడు ఆ గ్రీజు కాపాడే పని మాని గరుకు కాగితం మాదిరి ఇనుమును అరగదీస్తుంది.

ముందు భాగంలో ఇన్ని జాయింట్లు ఎందుకున్నాయో ఒక్క ముక్క చెప్పుకుందాం. బండి మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రం చిన్న వలయంలో, బయటి చక్రం పెద్ద వలయంలో నడుస్తాయి. కాబట్టి రెండు చక్రాలూ ఒకే కోణంలో తిరిగితే కుదరదు, లోపలిది కొంచెం ఎక్కువ తిరగాలి. మ్యూనిక్‌లో బండ్లు తయారుచేసే లాంకెన్‌స్పెర్గర్ గుర్రపు బండ్ల కోసం ఈ ఏర్పాటు కనిపెట్టాడు. దానికి 1818లో లండన్‌లో రుడాల్ఫ్ ఆకర్‌మన్ పేటెంటు తీసుకున్నాడు. ఇప్పటి స్టీరింగుకు కూడా మూలం అదే. మన బండిలో స్టీరింగ్ బాక్సు కింది డ్రాప్ ఆర్మ్ నుంచి డ్రాగ్ లింకు, అక్కడి నుంచి చక్రం, రెండు చక్రాలనూ కలిపే టై రాడ్, దాని రెండు కొసలా ఎండ్‌లు ఉంటాయి. వీటిలో ఏ ఒక్కటి వదులైనా మాట్లాడుతుంది. పూర్తిగా ఊడితే మాత్రం మాట్లాడే వ్యవధి ఇవ్వదు, చక్రం దాని ఇష్టం వచ్చిన వైపు పోతుంది. ఈ చప్పుడును చికాకుగా కాక హెచ్చరికగా తీసుకోవలసింది అందుకే.

ఇక జరిగిన సంగతి. గుంతల్లో "టక్ టక్" మంటోందని బండిని ఒక షెడ్డుకు పంపితే, అక్కడ కింద దూరి చూడకుండానే ముందు షాకబ్జర్లు రెండూ మార్చారు. చప్పుడు పోలేదు. ఆ తర్వాత టై రాడ్ ఎండ్‌లు మార్చారు. అయినా పోలేదు. మూడోసారి స్టీరింగ్ బాక్సే మార్చాలన్నారు. అక్కడ కమిటీ ఆగి, ముందు వెతికి చూద్దాం, తర్వాత కొందాం అని తీర్మానించింది. వెతికిన తీరు ఇది.

మొదట క్యాబిన్ ఖాళీ చేశాము. సీటు వెనక జాకీ, టామీ రాడ్డు, స్పానర్లు, నీళ్ల క్యాను అన్నీ దించాము. స్టెప్నీ బిగింపు, మడ్‌గార్డు, సైలెన్సర్ క్లాంపు చూశాము. ఇవి కూడా అచ్చం ముందు చక్రాల చప్పుడు మాదిరే వినిపిస్తాయి.

తర్వాత డ్రైవర్ చేతికి ఒక నోటుబుక్కు ఇచ్చాము. చప్పుడు ఎప్పుడు వస్తోందో నాలుగు రోజులు రాయమన్నాము. సగం జవాబు అందులోనే దొరుకుతుంది. మెల్లగా గుంతలో దిగినప్పుడు టక్‌మంటే షాకబ్జర్ రబ్బర్లు, కమాను పట్టీల బుష్‌లు, షాకిల్ పిన్నులు. నిలబడిన చోటే స్టీరింగ్ తిప్పితే టక్‌మంటే స్టీరింగ్ జాయింట్లు, కింగ్ పిన్. బ్రేకు తొక్కగానే ఒక్క దెబ్బ వినిపిస్తే బ్రేకు బిగింపులు, యూ బోల్టులు. వేగం పెరిగేకొద్దీ గుయ్‌మనే మోత పెరిగితే చక్రం బేరింగు. ఎడమకు తిరిగినప్పుడు బరువు కుడి చక్రం మీద పడుతుంది. అప్పుడు మోత ఎక్కువైతే అనుమానం కుడి బేరింగు మీదే.

మూడోది, బండి బరువు నేల మీద ఉండగానే చేసే పరీక్ష. సమతలం మీద నిలిపి, న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగి, వెనక చక్రాలకు రాళ్లు పెట్టాలి. ఒకరు స్టీరింగును అటు ఇటు కొద్దికొద్దిగా ఆడించాలి. ఇంకొకరు కింద ఒక్కొక్క జాయింటు మీద వేళ్లు పెట్టి చూడాలి. కంటికి కనబడని వదులు వేలికి తెలుస్తుంది. ఒక వైపు కడ్డీ కదిలి రెండో వైపు అంత వెంటనే కదలకపోతే లోపం ఆ జాయింటులోనే.

నాలుగోది జాకీ మీద. ముందు ఇరుసును లేపి కింద గట్టి స్టాండ్లు పెట్టాలి. ఉత్త జాకీని నమ్మి బండి కింద తల పెట్టకూడదు, ఇది మన డ్రైవర్లకు గట్టిగా చెప్పండి. చక్రాన్ని గడియారం అనుకోండి. 12, 6 అంకెల దగ్గర పట్టుకుని ఊపితే వదులుందంటే అది బేరింగో, కింగ్ పిన్నో. ఏదో తేల్చడానికి ఒకర్ని బ్రేకు తొక్కి పట్టమనాలి. వదులు పోతే బేరింగు, పోకపోతే కింగ్ పిన్. 3, 9 అంకెల దగ్గర మాత్రమే వదులుంటే స్టీరింగ్ కడ్డీలు. ముందు కమాను పట్టీలు కాక స్ప్రింగులు ఉండే బండ్లలో కింగ్ పిన్‌కు బదులు బాల్ జాయింట్లు ఉంటాయి. వాటికి జాకీ పెట్టే చోటు వేరు, తెలిసిన మేస్త్రీనే పిలవాలి.

కిర్రుమనే శబ్దానికి ఇంకొక చిట్కా ఉంది. అనుమానం ఉన్న బుష్ మీద నీళ్లు చల్లి బండిని ఊపాలి. కాసేపు శబ్దం ఆగితే దొంగ దొరికినట్టే. అయితే రబ్బరు మీద పాత ఇంజనాయిల్ పూయకూడదు. శబ్దం ఆగుతుంది గానీ రబ్బరు ఉబ్బి మెత్తబడి తొందరగా పోతుంది.

మన బండిలో ఏం తేలింది? స్టీరింగ్ బాక్సు బాగానే ఉంది. బేరింగుల్లో వదులు లేదు. కమాను పట్టీల కట్ట వెనక కొస దగ్గర, ఎడమ షాకిల్ పిన్ను పక్కన టామీ రాడ్డు పెట్టి ఎత్తితే "టక్" మంది. బుష్ అరిగిపోయి పిన్ను గూట్లో ఆడుతోంది. అక్కడి గ్రీజు నిప్పిల్ మట్టితో పూడుకుపోయి ఉంది. పిన్నులు, బుష్‌లు రెండు వైపులా మార్పించి, యూ బోల్టులు బిగించి, వీల్ అలైన్‌మెంట్ చేయించాము. అయిన ఖర్చు షాకబ్జర్ల జత ధరలో కొంత భాగమే. చప్పుడు పోయింది.

కాబట్టి అమ్మాలా వద్దా అన్నదానికి మా జవాబు ఇది. చాసిస్ పగిలినా, ఇంజను పోయినా అమ్మే మాట ఆలోచిద్దాం. ఒక్క బుష్ అరిగిందని బండిని అమ్మనక్కర లేదు. 8 ఏళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఎఫ్‌సీ ఎట్లాగూ చేయించాలి. ఆ వంకతో ముందు భాగమంతా ఏడాదికొకసారి ఈ వరుసలోనే చూపిద్దాం.

కమిటీ ముందు మూడు కోరికలు పెడుతున్నాము. ఒకటి, వదులును మన మనిషి చేతికి తగిలేట్టు చూపించనిదే ఏ సామానుకూ బిల్లు మంజూరు చేయవద్దు. విప్పిన పాత సామాను లెక్కతో పాటు ఆఫీసుకు రావాలి. రెండు, రెండు స్టాండ్లు, ఒక గ్రీజు గన్ను కొనిపెట్టండి. డ్రైవర్ నోటుబుక్కును నెలకొకసారి ఎవరైనా చదవండి. మూడు, మన పిల్లల్లో షెడ్లలో పని నేర్చుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లలో పదో తరగతి పాసైన వాళ్లను ఐటీఐలో రెండేళ్ల మోటార్ వెహికల్ మెకానిక్ కోర్సులో చేర్పించే బాధ్యత ఒక్కొక్క దాత ఒక్కొక్కరికి తీసుకుంటే బాగుంటుంది. చేతి పని తెలిసిన పిల్లవాడికి కారణం వెతికే చదువు కూడా తోడైతే, ఊహ మీద సామాను మార్చే అవసరం వాడికి రాదు.

మీరిచ్చిన ప్రతి రూపాయి మా దగ్గర అమానత్. దాన్ని బండి మీద పెట్టడం తప్పు కాదు. ఎక్కడ, ఎందుకు పెట్టామో మీరు అడిగినప్పుడు వేలు పెట్టి చూపించగలగాలి. ఆ పాత పిన్నులు, బుష్‌లు ఆఫీసు బల్ల మీద ఉన్నాయి, భోజనాలయ్యాక వచ్చి చూడండి.