బీపీ బిళ్ళా, జీలుగు కల్లూ

చైత్రమాసంలో ఇటుకల పండగొస్తే అరకులోయ ఊళ్ళలో జీలుగు కల్లుకు కొదవుండదు. అడ్డాకు దొప్పలో పోసి పెద్దాయన చేతికిస్తే, వద్దనడం మర్యాద కాదనుకుంటాం. కానీ ఆ పెద్దాయన రోజూ బీపీ బిళ్ళ వేసుకునే మనిషైతే?

బీపీ బిళ్ళలు చాలావరకు రక్తనాళాలను వదులు చేస్తాయి. కల్లూ కాసేపు అదే పని చేస్తుంది. రెండూ కలిస్తే రక్తపోటు ఒక్కసారిగా పడిపోవచ్చు. కూర్చున్నంతసేపూ ఏమీ తెలియదు. లేవగానే కళ్ళు చీకట్లు కమ్మి, తూలి పడతారు. ఒంట్లో నీరు తీసే బిళ్ళకు ఎండ కూడా తోడైతే ముప్పు ఇంకా ఎక్కువ. రోజూ తాగేవారికి మరో చిక్కు: బీపీయే పెరిగిపోతుంది, బిళ్ళ చాలదు.

తెల్లవారి దించిన జీలుగు కల్లు తియ్యగా ఉంటుంది. పొద్దెక్కేకొద్దీ పులిసి మత్తెక్కుతుంది. ఇప్పసారా అంతకన్నా ఘాటు. అందుకే "రెండు దొప్పలే కదా" అన్న లెక్క నమ్మదగ్గది కాదు. అసలు తాగకపోవడమే క్షేమం.

"ఈ పూట తాగుతాను, బిళ్ళ మానేస్తా" అనేవారూ ఉన్నారు. అది మరీ ప్రమాదం. అటెనొలాల్ లాంటి బిళ్ళ హఠాత్తుగా ఆపితే గుండెకే ముప్పు. తాగే అలవాటుంటే దాచకుండా డాక్టరుకు చెప్పండి, ఆశా కార్యకర్తనైనా అడగండి.

ఎవరైనా తెలివి తప్పి పడిపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టి, వెంటనే 108కి ఫోన్ చేయండి.