జీతగాండ్రును స్వచ్ఛంద సేవకులును

శ్రావణమాసమున ఉరుకుంద ఈరన్నస్వామి సన్నిధికి మన సీమనుండియు కన్నడసీమనుండియు జనులు తండోపతండములుగా వత్తురు. నీరు, నీడ, దారి సమకూర్చుట ఉద్యోగుల పని. భక్తులపై అధికారము చెలాయించుట కాదు.

సోర్సుకోడును అందరికిని విప్పియుంచి పలువురు కూడి నిర్మించు సాఫ్టువేరు విషయమును ఇట్టిదే. 2014లో సెంటాస్ లినక్సు రెడ్ హ్యాట్ కంపెనీ యండను చేరెను. 2029 వరకు సాగుననుకొన్న దాని ఎనిమిదవ కూర్పు 2021తోనే ముగియునని 2020 డిసెంబరులో ప్రకటన వెలువడెను. నమ్మినవారు ఖిన్నులైరి, రాకీ, ఆల్మా అను వేరు శాఖలు పుట్టెను.

కావున ఇట్టి ఉద్యోగివర్గమును నడపు అధికారి నిర్ణయమునకు మునుపే సంఘముతో ఆలోచింపవలెను. తనవారు ఎంత పని చేసిరనుటకంటె, బయటివారెందరు నిలిచిరనుటయే కొలతగా గైకొనవలెను. జీతమును కంపెనీ ఈయగలదు. నమ్మకమును సంఘమే ఈయవలెను.