ఈజిప్టు స్త్రీలు తిరిగి పొందిన ఖులా హక్కు



అరబ్బు సమాజంలో స్త్రీ స్థానాన్ని గురించి మాట్లాడమని కోరారు. అరబ్బు సమాజమనేది ఒక్కటి కాదు. ట్యునీషియా చట్టం వేరు, యమన్ చట్టం వేరు. కైరోలో నల్లకోటు ధరించి వాదించే న్యాయవాదికీ, నైలు ఒడ్డు పల్లెలో చెరకు నరికే స్త్రీకీ నడుమ ఎంతో దూరం. కనుక ఒక్క దేశాన్ని, అందులోనూ ఒక్క హక్కును మాత్రమే ఎంచుకుంటున్నాను. ఆ దేశం ఈజిప్టు, ఆ హక్కు ఖులా.

సాబిత్ బిన్ ఖైస్ గారి భార్య దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చిన ఉదంతం బుఖారీ గ్రంథంలో ఉంది. భర్త ధార్మికతలో గాని, శీలంలో గాని ఆమె లోపం చెప్పలేదు. అతనితో కాపురం తన వల్ల కాదన్నది, అంతే. మహర్‌గా పుచ్చుకున్న తోటను తిరిగి ఇస్తావా అని ప్రవక్త (స) అడిగారు. ఇస్తానన్నది. తోట తీసుకొని ఆమెను విడువమని సాబిత్‌కు ఆదేశించారు. ఆమెను సాక్షులను తెమ్మనలేదు, దెబ్బలు చూపమనలేదు.

ఇంత తేటగా ఉన్న హక్కు తరువాతి కాలంలో ఎందుకు మూతపడింది? ఉస్మానియా పాలన నాటి నుండి ఈజిప్టు న్యాయస్థానాలు హనఫీ ఫిఖ్‌ను అనుసరించాయి. ఆ ఫిఖ్‌లో భర్త సమ్మతి లేనిదే ఖులా లేదు. 1920, 1929 చట్టాలు మాలికీ ఫిఖ్ నుండి కొన్ని కారణాలను తెచ్చుకున్నాయి: భరణం ఇవ్వకపోవడం, దీర్ఘకాలం జాడ లేకపోవడం, హింస. (మన 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం కూడా ఈ దారినే వచ్చింది.) అయితే హింసను రుజువు చేయాలి. నాలుగు గోడల మధ్య జరిగినదానికి సాక్షులెక్కడ? వ్యాజ్యాలు ఏళ్ల తరబడి సాగేవి. అంతకన్నా ఘోరమైనది 'బైతుత్తాఅ', అనగా విధేయతా గృహం. ఇల్లు విడిచిన భార్యను భర్త న్యాయస్థానపు ఉత్తర్వుతో, పోలీసుల చేత బలవంతంగా రప్పించుకోగలిగేవాడు. పోలీసుల జోక్యం 1967లో ఆగింది గాని, ఉత్తర్వు ఆగలేదు. దానిని ధిక్కరించిన స్త్రీకి భరణం పోయేది, విడాకులు మాత్రం దొరికేవి కావు. భార్యను అటూ ఇటూ కాకుండా వేలాడదీయవద్దని అన్నిసా అధ్యాయం హెచ్చరించిన స్థితి సరిగ్గా ఇదే. 1975లో ఫాతిన్ హమామా నటించిన 'ఉరీదు హల్లన్' చిత్రం ఈ వేదననే తెరకెక్కించింది. అందులో కథానాయిక ఏళ్లపాటు న్యాయస్థానాల చుట్టూ తిరిగి, చివరకు ఓడిపోతుంది.

2000 సంవత్సరపు 1వ నంబరు చట్టం ఆ తలుపు తెరిచింది. భార్య మహర్ తిరిగి ఇచ్చి, ఇతర ఆర్థిక హక్కులను వదులుకుంటే భర్త సమ్మతి లేకున్నా న్యాయస్థానం ఖులా ఇస్తుంది. అంతకుముందు రాజీకి ప్రయత్నిస్తుంది. దానికి గడువు మూడు నెలలు మించరాదు. పిల్లల సంరక్షణ, వారి భరణం వదులుకునే జాబితాలో లేవు. అల్ అజ్‌హర్ పెద్ద షేఖ్ తంతావీ సమర్థించారు, అదే సంస్థకు చెందిన కొందరు పండితులు వ్యతిరేకించారు. పత్రికలు వ్యంగ్యచిత్రాలతో ఎగతాళి చేశాయి. స్త్రీలు తొందరపాటుతో ఇళ్లు కూలుస్తారని పార్లమెంటులో కొందరు వాపోయారు. తలాఖ్ పురుషుని నోట ఉన్నంత కాలం వీరికి ఆ భయం కలగకపోవడం విచిత్రం! 2002లో రాజ్యాంగ న్యాయస్థానం ఈ నిబంధనను సమర్థించడంతో వివాదం సద్దుమణిగింది.

పొగడ్తతో ఆగిపోవడం నాకిష్టం లేదు. బాకీ ఉన్న మహర్‌ను, ఇద్దత్ కాలపు భరణాన్ని వదులుకోవడం ధనికురాలికి సులభమే. కూలి చేసుకునే స్త్రీకి అదే బ్రతుకుతెరువు. దెబ్బలు తిన్న స్త్రీ కూడా రుజువు దొరకక, తనకు రావలసినది వదులుకొని ఖులా తీసుకుంటే లాభం కొట్టినవానికే. ఖులా హక్కు వచ్చినంత మాత్రాన హింసకు విడాకులిచ్చే మార్గాన్ని సులభం చేయనక్కరలేదని ఎవరూ అనుకోరాదు.

మన వద్దకు వస్తే, ఖులాకు భర్త అంగీకారం తప్పనిసరి కాదని తెలంగాణ హైకోర్టు 2025 జూన్‌లో స్పష్టం చేసింది. తీర్పు వరకూ వెళ్లనవసరం లేని మరొక దారి కూడా ఉన్నది. ఈజిప్టులో 2000లోనే నికాహ్ పత్రాన్ని మార్చి, షరతులు వ్రాసుకోవడానికి స్థలం కేటాయించారు. విడాకుల అధికారాన్ని భార్యకు అప్పగించే షరతు వాటిలో ఒకటి. ఈ తఫ్వీజ్‌ను హనఫీ ఫిఖ్ ఏనాడో అంగీకరించింది. నికాహ్ నాడు విందులో వంటకాలెన్నో నిశ్చయించే తండ్రులలో, ఆ ఒక్క వాక్యం వ్రాయమని ఖాజీ గారిని అడిగినవారు ఈ సభలో ఎందరున్నారు?