ఒక అణువు కోసం 35 ఏళ్ళు

(స్త్రీలు - శాస్త్ర పరిశోధన అనే అంశంపై కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



షుగర్ జబ్బుకి ఇన్సులిన్ సూది వేసుకునేవాళ్ళు మన ఇళ్ళల్లో చాలామందే ఉన్నారు. ఆ ఇన్సులిన్ అణువు ఏ రూపంలో ఉంటుందో తేల్చడానికి ఒక స్త్రీ 35 ఏళ్ళు పట్టు వదలకుండా పనిచేసింది. ఆమె బ్రిటిష్ శాస్త్రజ్ఞురాలు డొరొతీ హాడ్జ్‌కిన్. ఆమె గురించి మాట్లాడమన్నప్పుడు నాకు నేనే ఒక షరతు పెట్టుకున్నాను. అన్ని కష్టాలనూ ఒంటరిగా జయించిన వీరనారి కథ చెప్పకూడదని. అలాంటి కథలు సంస్థల బాధ్యతని మరుగుపరుస్తాయి.

ముందు ఆమె చేసిన పనేమిటో చూద్దాం. ఇన్సులిన్ ఒక ప్రొటీన్. రెండు గొలుసుల్లో మొత్తం 51 అమైనో ఆమ్లాలుంటాయి. ఈ గొలుసులు ఏ ఆకారంలో ముడుచుకున్నాయన్న దాని మీదే ప్రొటీన్ పనితీరు ఆధారపడుతుంది. ఆ ఆకారం మామూలు మైక్రోస్కోపుకి అందదు. అందుకని ప్రొటీన్ స్ఫటికం గుండా ఎక్స్-కిరణాలు పంపుతారు. అవి చెదిరి ఫిల్ము మీద చుక్కలుగా పడతాయి. ఒక్కో చుక్క ఎంత నల్లగా ఉందో కొలిచి, ఏ పరమాణువు ఎక్కడుందో లెక్క కట్టాలి.

1934లో, 24 ఏళ్ళ వయసులో, ఆమె ఇన్సులిన్ స్ఫటికానికి తొలి ఎక్స్-రే ఫోటో తీసింది. అంత పెద్ద అణువుకి లెక్క కట్టే పద్ధతీ, యంత్రమూ అప్పటికి లేవు. ఈలోగా 1945లో పెన్సిలిన్, 1950ల మధ్యలో బి12 విటమిన్ నిర్మాణాలు తేల్చింది. 1969లో ఇన్సులిన్ రూపం బయటపడింది. జింకు చుట్టూ ఆరేసి అణువులు గుంపు కడతాయనీ, అవి విడివడితేనే శరీరంలో పనిచేస్తాయనీ ఉన్న ఈ జ్ఞానమే తర్వాత త్వరగా పనిచేసే ఇన్సులిన్ల తయారీకి దారిచూపింది.

మరి ఆ 35 ఏళ్ళు ఆమె బతుకు ఎలా సాగింది? 1937లో పెళ్ళి. 1938లో తొలి బిడ్డ. ఆ కాన్పు తర్వాత కీళ్ళవాతం పట్టుకుని వేళ్ళు వంకర్లు పోయాయి. తర్వాత మరో ఇద్దరు పిల్లలు. ఆక్స్‌ఫర్డ్ రసాయన శాస్త్రజ్ఞుల క్లబ్బు స్త్రీలని చేర్చుకునేది కాదు. అయినా ఆమె పని ఆగలేదంటే కారణాలున్నాయి. ఆమె పనిచేసిన సోమర్‌విల్ అనే స్త్రీల కళాశాల ఆమెకి జీతంతో ప్రసూతి సెలవు ఇచ్చింది. ఇంట్లో జీతానికి పనిచేసిన స్త్రీలు పిల్లల్ని చూసుకున్నారు. వాళ్ళ శ్రమ ఏ పరిశోధనా పత్రంలోనూ నమోదు కాలేదు.

1964లో నోబెల్ బహుమతి వచ్చినప్పుడు ఒక పత్రిక ఆమెని ఆక్స్‌ఫర్డ్ గృహిణిగా శీర్షికకెక్కించింది. 1969 నాటి ఇన్సులిన్ పత్రంలో పది పేర్లున్నాయి. మొదటిది యువ పరిశోధకురాలు మార్గరెట్ ఆడమ్స్‌ది. హాడ్జ్‌కిన్ పేరు ఎనిమిదోది. అందులోనే ఉన్న ఎం. విజయన్ తర్వాత బెంగుళూరు వచ్చి, ఇక్కడ ప్రొటీన్ నిర్మాణ పరిశోధనకి పునాదులు వేశారు.

ఇక మన సంగతి. నా పిహెచ్.డి. రోజుల్లో హాస్టల్లో నా పక్కగదిలో ఒక బయోకెమిస్ట్రీ పరిశోధకురాలుండేది. ప్రొటీన్ల మీదే పని. కాన్పుకి సెలవు అడిగితే, "ప్రాజెక్టు ఆగదు కదమ్మా" అన్నారట. ఏడో నెలలో ఫెలోషిప్ వదులుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. ఆమెకి తెలివి తక్కువా? పట్టుదల తక్కువా? 1938లో హాడ్జ్‌కిన్‌కి దొరికిన సెలవు ఆమెకి దొరకలేదు, అంతే.

2017లో మన చట్టాన్ని సవరించి ప్రసూతి సెలవుని 26 వారాలకి పెంచారు. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలన్నారు. మీ ఊళ్ళో ఉన్న విశ్వవిద్యాలయానికి వెళ్ళి అడగండి. ప్రాజెక్టు జీతం మీద ఉన్న అమ్మాయికి సెలవు ఉందా? బిడ్డని ఉంచే గది ఉందా? తిరిగొస్తే ఆమె పని ఆమెకి ఉంటుందా?

ఆ ప్రశ్నలు అక్కడితో ఆపకండి. మన స్వచ్ఛంద సంస్థల్లో కూడా ప్రాజెక్టు మీద పనిచేసే అమ్మాయిలున్నారు. వాళ్ళు సెలవడిగినప్పుడు మనమేం జవాబిస్తున్నాం? ముందు అది తేల్చుకుని, తర్వాత విశ్వవిద్యాలయం మెట్లెక్కుదాం.