అక్షరలోపము లేని కుదింపు



నేడు నేను ముచ్చటింపబోవు విషయము కంప్యూటరులోని ఫైళ్లను కుదించు విద్య. పేరు క్రొత్తదే గాని పని మనకు క్రొత్తది కాదు. ఏదేని యొక కీర్తనల పుస్తకమును తెఱచి చూడుడు. పల్లవి మొదట నొక్కసారి పూర్తిగా నుండును. ప్రతి చరణము చివరను ఆ పల్లవిలోని మొదటి మాట మాత్రమే నిలువుగీతల నడుమ నుండును. పాడువాడు ఆ గుర్తును చూచి పల్లవి నంతటిని అందుకొనును. కాగితము మిగిలినది, పాటలో నొక్క యక్షరమైనను పోలేదు. నేను చెప్పబోవు విద్యకు మూలమంతయు ఆ రెండు గీతలలోనే యున్నది.

కుదించుట రెండు విధములు. మొదటిది సంగ్రహము. భారతకథను బాలుర కొఱకు పది పుటలలో వ్రాయవచ్చును. కాని యా పది పుటలనుండి పదునెనిమిది పర్వములను మఱల రాబట్టజాలము. సెల్‌ఫోనులోని ఛాయాచిత్రములును పాటలును సాధారణముగా నీ తెగవే. కన్నును చెవియు గుర్తింపని సూక్ష్మభేదములను విడిచి వానిని చిన్నవిగా జేయుదురు. చిత్రమున కది చెల్లును. భూమి లెక్కకు, దానపత్రమునకు, నిఘంటువునకు చెల్లదు. లెక్కలో నొక సున్న పోయినచో పదియెకరము లొక యెకర మగును. పద్యములో నొక గురువు లఘు వైనచో గణము చెడును. కావున నిట్టివానికి రెండవ విధమే శరణ్యము. అందు మూటను విప్పినప్పుడు మొదటి ప్రతి అక్షరాక్షరమును తిరిగి రావలయును. “ఇంచుమించు” అను మాట కచ్చట తావు లేదు.

ఇట్టి కుదింపునకు మన శాస్త్రములలో పాణినికంటె గొప్ప నిదర్శనము లేదు. సుమారు 4,000 సూత్రముల అష్టాధ్యాయిలో అచ్చులన్నిటిని చెప్పవలసినచోట “అచ్” అనియు, హల్లులన్నిటిని చెప్పవలసినచోట “హల్” అనియు ఆయన సంకేతము లేర్పఱచెను. పదునాలుగు మాహేశ్వరసూత్రములు తెలిసినవాడు ఆ సంకేతమును విప్పి ఏయే వర్ణములో లోపము లేకుండ చెప్పగలడు. అరమాత్ర తగ్గినచో వైయాకరణుడు కొడుకు పుట్టినంత సంతసించునని పండితులలో నానుడి యుండనే యున్నది.

కంప్యూటరువారి యుపాయములు ముఖ్యముగా రెండు. తఱచుగా వచ్చు అక్షరమునకు చిన్న గుర్తును, అరుదుగా వచ్చు అక్షరమునకు పెద్ద గుర్తును ఇచ్చుట యొకటి. మన దేశమున 2013లో నిలిచిపోయిన టెలిగ్రామును ఎఱిగినవారి కిది తెలిసినదే. ఆ తంతి భాషలో, ఇంగ్లీషున మిక్కిలి తఱచుగా వచ్చు “ఇ” అక్షరమునకు ఒక్క చుక్క. అరుదైన “క్యూ” అక్షరమునకు మూడు గీతలును ఒక చుక్కయు. ఏ యక్షరమునకు ఎంత గుర్తు ఇచ్చిన మొత్తము మిక్కిలి తగ్గునో లెక్కించు పద్ధతిని అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో విద్యార్థిగా నుండిన డేవిడ్ హఫ్‌మన్ 1952లో ప్రకటించెను. రెండవ యుపాయము మన పల్లవి గీతలవంటిది. ఒకసారి వచ్చిన మాట మఱల వచ్చినచో దానిని వ్రాయక, “ఇంత దూరము వెనుకకు బోయి యిన్ని యక్షరములు తెచ్చుకొనుము” అని మాత్రము వ్రాయుట. దీనిని ఇజ్రాయెలు శాస్త్రజ్ఞులైన జేకబ్ జివ్, ఏబ్రహాం లెంపెల్ అనువారు 1977లో ప్రకటించిరి. ఆ యిద్దఱును 2023లో కాలధర్మము నొందిరి. వారి యుపాయము మాత్రము నేడు లోకమున కోట్లాది యంత్రములలో పని చేయుచునే యున్నది.

ఈ రెండు పద్ధతులను కలిపి జీన్-లూప్ గైలీ, మార్క్ ఆడ్లర్ అనువారు 1992లో జీజిప్ అను పనిముట్టును లోకమునకు ఉచితముగా నిచ్చిరి. పిదప యాన్ కొలే అను ఫ్రెంచివాడు వేగమే ముఖ్యముగా 2011లో ఎల్‌జెడ్-4 అను దానిని చేసెను. ఇందు వెనుకకు చూచు ఉపాయ మొక్కటియే కలదు. కావున మూట కొంచెము పెద్దది, పని మెఱుపువంటిది. ఆయనయే ఫేస్‌బుక్ సంస్థలో నుండి 2016లో జెడ్-స్టాండర్డ్ అను మఱియొక పనిముట్టును వెలువరించెను. ఇందు రెండుపాయములును కలవు. జీజిప్ కట్టునంత చిన్న మూటనే యిది దానికంటె ననేక రెట్లు వేగముగా కట్టును. దీనిని ఎవ్వరైనను మూల్యము లేక వాడుకొనవచ్చును.

తెలుగువారికి ఇందొక విశేషలాభము కలదు. కంప్యూటరు అక్షరములను సంఖ్యలుగా దాచుకొనును. నేడు లోకమంతట వాడుకలో నున్న యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరమునకు ఒక బైటు చాలును. తెలుగు గుర్తుకు మూడు బైట్లు కావలయును. “తెలుగు” అను మాటనే చూడుడు. త, ఎత్వము, ల, కొమ్ము, గ, కొమ్ము: ఆఱు గుర్తులు, 18 బైట్లు. ప్రతి గుర్తునకును మొదటి సంఖ్య 224. రెండవ సంఖ్య 176 గాని 177 గాని. మూడవ సంఖ్యలోనే అసలు భేదము. అనగా తెలుగు వ్రాతలో పునరుక్తి యధికము. పునరుక్తి యున్నచోటనే కుదింపునకు బలము. కావున మన పుస్తకములు, లెక్కలు ఈ పనిముట్టు చేతిలో బాగుగా చిక్కును.

దీనిని వాడు విధము కఠినము కాదు. నొక్కుటకు బొమ్మ లుండవు. ఆజ్ఞను అక్షరములతో వ్రాసి యిచ్చుటయే. జెడ్, ఎస్, టి, డి అను నాలుగు ఇంగ్లీషు అక్షరములను కొట్టి, కొంచెము ఎడము విడిచి, ఫైలు పేరు వ్రాసి, ఎంటర్ మీటను నొక్కవలయును. అదే పేరునకు చివర చుక్కయు, జెడ్, ఎస్, టి అక్షరములును తోకగా గల మఱియొక చిన్న ఫైలు ప్రక్కన వెలయును. ఆజ్ఞకును ఫైలు పేరునకును నడుమ అడ్డుగీతయు “డి” అక్షరమును చేర్చినచో మూట విడును. “డి”కి బదులు “టి” వ్రాసినచో మూట సరిగా నున్నదో లేదో పరీక్షించి చెప్పును. అనేక ఫైళ్లున్నచో ముందుగా టార్ అను వేఱొక పనిముట్టుతో వాని నన్నిటిని ఒకటిగా గూర్పవలయును. తాటాకులను త్రాటికి గ్రుచ్చిన పిదపనే గదా గ్రంథమును గుడ్డలో చుట్టుట!

ఎంత బిగించి కట్టవలయునో మనమే చెప్పవచ్చును. అడ్డుగీత ప్రక్కన 1 మొదలు 19 వఱకు అంకె వ్రాయవచ్చును; ఏమియు చెప్పనిచో 3 అని గ్రహించును. అంకె పెరిగినకొలది మూట చిన్నదగును, కట్టు కాలము పెరుగును. విప్పుటకు పట్టు కాలము మాత్రము ఇంచుమించు ఒక్కటే. కావున దినదినమును దాచుకొను లెక్కలకు చిన్న అంకె మేలు. ఒకసారి కట్టి పదిమంది విప్పి చదువుకొను గ్రంథమునకు పెద్ద అంకె మేలు. వేగము సోమరుల కోరిక యని తలపరాదు. గంటసేపు పట్టు పనిని రేపటికి వాయిదా వేయుట మానవస్వభావము. నిమిషములో ముగియు పనిని ప్రతిదినమును చేయుదుము. దస్త్రములు నశించుట తఱచుగా ఆ వాయిదాలవలననే.

ఈ విద్యకు మేరలును కలవు. ప్రతి ఫైలును చిన్నది చేయు యంత్రము లేదు, ఉండబోదు. నూఱు కుండలను తొంబది యుట్లలో ఉట్టి కొక్కటి చొప్పున పెట్టుట యెట్లసాధ్యమో యిదియు నట్లే. ఒకసారి కుదించినదానిని మఱల కుదించిన ఫలము లేదు. చిత్రములు, సినిమాలు ముందే కుదింపబడియుండుటచేత నిక తగ్గుట స్వల్పము. మఱియు నిది మూటయే గాని తాళము కాదు. చేత చిక్కినవా డెవ్వడైనను విప్పగలడు.

ఇక అసలు మాటకు వచ్చుచున్నాను. కుదింపు పునరుక్తిని తీసివేయును. ఆ పునరుక్తియే మనకు కాపుదలయు. సాధారణమైన వ్రాతలో నొక యక్షరము చెడినచో చదువరి సందర్భమునుబట్టి దిద్దుకొనును. మూటలో నొక బైటు చెడినచో పెద్ద భాగమే చదువరాకపోవచ్చును. మన పూర్వు లీ రెండు తత్త్వములను ఎఱుగుదురు. శాస్త్రమును సూత్రములుగా కుదించినవారే, వేదమును మాత్రము పదము, క్రమము, జట, ఘనము అని మాటలను ముందు వెనుకలుగా పలుమాఱు చెప్పి, స్వరము సైతము చెడకుండ కాపాడిరి. లేఖకులు 32 అక్షరముల నొక గ్రంథముగా నెంచి మొత్తము గ్రంథసంఖ్యను ప్రతి చివర వ్రాయుచుండిరి. లెక్క తప్పినచో ప్రతిలో లోప మున్నదని తెలియును. జెడ్-స్టాండర్డును మూటతోబాటు అట్టి సరిచూపు సంఖ్య నొకదానిని వ్రాసి, విప్పునప్పుడు సరిపోల్చును. కాని యా సంఖ్య తప్పును చూపునే గాని దిద్దదు. దిద్దుటకు రెండవ ప్రతి కావలయును. కుదింపువలన మిగిలిన చోటును ఆ రెండవ ప్రతికి వినియోగించుటయే ఈ విద్యకు సార్థక్యము.

ఒక హెచ్చరిక. జీజిప్ మూట కట్టిన పిమ్మట మూలమును తానే తొలగించును. ఉంచుమని ప్రత్యేకముగా చెప్పవలయును. జెడ్-స్టాండర్డు మూలము నట్లే యుంచును. తొలగింపుమని చెప్పిననే తొలగించును. ఏ పనిముట్టు చేతిలో నున్నదో ఎఱుగక పని చేయరాదు.

పెద్దలారా! ఈ యాజ్ఞలను మీ మనుమలు వ్రాయుదురు గాక. ఏది దాచవలయునో, ఏది విడువవలయునో నిర్ణయించు భారము మాత్రము మీది. వంశవృక్షములు, దేవాలయపు లెక్కలు, పొలముల కాగితములు, మీ యూరి కవుల వ్రాతలు కంప్యూటరు కెక్కునప్పుడు మూడు ప్రశ్నలు మాత్రము తప్పక యడుగుడు. ఇది అక్షరము పోని కుదింపేనా? మూటను విప్పి సరిచూచితివా? రెండవ ప్రతి వేఱొక యింట నున్నదా? ఈ మూడింటికిని “అవును” అను ప్రత్యుత్తరము వచ్చువఱకు మూలప్రతిపై ఎవ్వరిని చేయి వేయనీయకుడు.